ప్లానులో కనిపించని ఇరవైమూడు బెండ్లు

మనిషి తలెత్తి పైకి చూడటానికి రెండే కారణాలుంటాయని చాలాకాలం అనుకున్నాను. వాన పడుతుందా లేదా అన్నది ఒకటి. ఎదురొచ్చే చుట్టాన్ని చూడనట్టు నటించడం రెండోది. మూడోది ఒక ఆసుపత్రి రెండో అంతస్తులో తెలిసింది. కాలికి కట్టు మార్పించుకోవడానికి వెళ్లి నడవాలో బల్ల మీద కూర్చున్నాను. యాభై దాటిన ఒకావిడ, భుజాన గుడ్డసంచి, చేతిలో చుట్టచుట్టిన కాగితంతో, కప్పుకేసి చూస్తూ అడుగులో అడుగేసుకుంటూ నడుస్తోంది. నడవా మలుపు తిరిగే చోట కప్పు పలక ఒకటి ఇంకా బిగించలేదు. ఆ సందులోంచి పైకి చూసి, "నాలుగు వేళ్ల ఖాళీ ఉంది, చాలు" అని తనలో తను అనుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఏమిటమ్మా అది అన్నాను. అడిగిన పాపానికి మూడు టోకెన్లు పిలిచేంతసేపు చెప్పింది. ఆ తర్వాత ఆవిడ ఆఫీసుకూ, వాళ్ల అన్నగారి షెడ్డుకూ కూడా వెళ్లి టీలు తాగి వచ్చాను. తిరిగేవాడికి అంతకన్నా పనేముంది.

అందరూ ఆవిణ్ణి రేకత్త అంటారు. తండ్రిది రేకుల షెడ్డు. పెద్ద పెద్ద భవనాల్లో చల్లగాలి మోసుకెళ్లే చదరపు గొట్టాలు, అంటే డక్టులు, అక్కడ చేసేవారు. తిన్నగా పోయే గొట్టం ఎవరైనా చేస్తారు. మలుపు దగ్గర వేసే బెండు చెయ్యడంలోనే ఉంది విద్యంతా. గాలి మొండి ఎద్దులాంటిది, ఉన్నట్టుండి పక్కకి తిరగమంటే తిరగదు, గోడకేసి కొట్టుకుని రొద చేస్తుంది. అందుకని బెండు లోపలి వైపు గుండ్రంగా వంచుతారు. ఆ లోపలి వంపును పనివాళ్లు గొంతు అంటారు, బయటి వంపును మడమ అంటారు. తండ్రి కత్తిరిస్తే రేకు మీద సుద్దతో గీసి ఇచ్చేది ఈవిడ. వంగిన గొట్టాన్ని మనసులోనే విప్పి, చదునైన రేకు మీద పరిచి, ఎక్కడ కొయ్యాలో చెప్పాలి. నేను తిరిగిన ఊళ్లలో దర్జీలూ చెప్పులు కుట్టేవాళ్లూ పడవలు చేసేవాళ్లూ చాలామంది తగిలారు. అందరిదీ చివరికి ఒకటే చదువు, గుండ్రటిదాన్ని చదునుగా ఆలోచించడం. పుస్తకాలు చదివినవాళ్లం మనం దానికి తలకిందులు, చదునుగా ఉన్నదాన్ని గుండ్రంగా తిప్పి చెబుతాం.

తండ్రి ఒక నియమం పెట్టాడు. అచ్చు మారితే, అంటే బెండు గీసుకునే అట్టముక్క మారితే, పాతదాని తాలూకు సుద్దగీత ఒక్కటి కూడా రేకు మీద మిగలకూడదు. తడిగుడ్డతో మొత్తం తుడిచి, కొత్త కొలతలన్నీ మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి. సగం పాతది సగం కొత్తది కలిసిన రేకు, ఆయన మాటల్లో, "రెండు పడవల మీద కాళ్లు". ముప్ఫై ఏళ్లపాటు ఆ తడిగుడ్డ రేకత్త చేతిలోనే ఉంది.

తండ్రి పోయాక అన్నగారు కోతమెషిను తెచ్చాడు. దానికి సుద్దగీతలు అక్కర్లేదు, కంప్యూటర్‌ ఫైలు చాలు. ఒకరోజు చెల్లెల్ని కూర్చోబెట్టి నిజమే చెప్పాడు. "ఇక్కడ నీకు పని లేదే. ఆ ఫైళ్లు గీసే ఆఫీసుల్లో మాత్రం బెండు చేత్తో పట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు." యాభయ్యో ఏట ఆవిడ కంప్యూటర్ నేర్పే చోట చేరింది. పక్కకుర్చీల్లోవాళ్లకి ఆవిడ పిల్లల వయసు. ఇంట్లో అత్తగారు ఊరుకుంటుందా?

"ఇప్పుడు పలకా బలపం కొనిపెట్టాలేమిటే నీకు?"

"పలక ఉందత్తయ్యా, మీటితే వెలుగుతుంది. బలపానికే తోకుంది."

భర్త లారీ నడిపేవాడు. నడుం పట్టేశాక ఇంట్లోనే ఉంటూ వంటా, తల్లినీ చూసుకుంటున్నాడు. కాబట్టి ఇల్లు నడవాలంటే రేకత్త ఉద్యోగం నిలవాలి.

ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. పదకొండు కుర్చీలు, రెండు ఫ్యాన్లు, తెరుచుకోని ఒక కిటికీ. ఊరందరికీ గాలి లెక్కలు వేసేవాళ్లు అలాంటి గదిలో కూర్చోవడం నాకేమీ వింతగా అనిపించలేదు. వైద్యుడి ఇంట్లో దగ్గు, పంతులుగారి ఇంట్లో మొద్దబ్బాయి, అంతటా ఉన్నదే. అక్కడ చేరినవాళ్లకి మొదట మూడు నెలల గడువు. ఆ గడువులో వాళ్లు గీసిన ప్లాను షెడ్డుకు వెళ్లాక తప్పని తేలి వెనక్కి వస్తే, ఆ మనిషిని పంపించెయ్యొచ్చు, లేకపోతే మూడు నెలలూ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టొచ్చు. రెండూ పెద్ద ఇంజనీరు చేతిలోనే. నలభై ఏళ్ల ఆవిడ, మాట తక్కువ. కిందటేడు ఒకతన్ని అలాగే పంపించేసింది కూడా.

రేకత్త మూడు నెలలూ పూర్తయ్యే రోజు గురువారం. సాయంత్రం నాలుగింటికి సంతకం. పొద్దున పదకొండింటికల్లా ఆసుపత్రి రెండో అంతస్తు డక్టుల ప్లాను షెడ్డుకు పంపాలి. షెడ్డు అంటే అన్నగారి షెడ్డే.

తొమ్మిదింటికి ఫైలు తెరిచేసరికి ప్లానులో తిన్నని గొట్టాలు ఉన్నాయి, మలుపుల దగ్గర ఏమీ లేదు. గొట్టం నడవా చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పక్కకు తిరిగి మళ్లీ మొదలైంది. మధ్యలో తెల్లకాగితం. లెక్కపెడితే అలాంటి చోట్లు ఇరవైమూడు.

పక్కకుర్చీలో ఉండేది అతుకుల బాబాయి. పదిహేనేళ్ల అనుభవం, మంచి మనిషి. బొమ్మలో ఏది కనిపించకపోయినా దాని మీద చేత్తో గీత గీసి అతికేస్తాడని ఆ పేరు వచ్చింది. అత్తకు బాబాయి ఏమవుతాడో ఆ ఆఫీసులో ఎవరూ తేల్చలేదు.

"ఇరవైమూడేగా అత్తా," అన్నాడు కుర్చీ జరుపుకుంటూ. "మలుపుకి రెండు వంపుగీతలు. గంటలో అయిపోతుంది. చూసేవాడికి బెండులాగే ఉంటుంది."

"చూసేవాడికి సరే. కోసేవాడికి?"

"కోసేవాడు మీ అన్నే కదా, సర్దుకుంటాడు."

అప్పటికే రెండు మలుపులకి గీసేశాడు కూడా. రేకత్త అతని మౌసు మీద చెయ్యి పెట్టింది. "అది బెండు కాదు బాబాయ్, బెండు ఫొటో. ఫొటో లోంచి గాలి పోదు. అరగంట ఇవ్వు నాకు."

ముందు అందరూ చేసే పనులే చేసింది. ప్లాను అంటే భవనాన్ని ఒక ఎత్తులో అడ్డంగా కోసి పైనుంచి చూసినట్టు గీసే బొమ్మ. ఆ కోత డక్టుకి కిందుగా పడిందేమో చూసింది, సరిగానే పడింది. బెండ్లనే దాచేసే మీట ఎవరైనా నొక్కారా అని చూసింది, నొక్కలేదు. బొమ్మ మరీ ముతకగా చూపిస్తోందేమోనని సన్నటి గీతలకు మార్చింది. ఏమీ తేడా లేదు.

"చెప్పానా," అన్నాడు బాబాయి. "దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. మా ఇంటి కుళాయి లాగే."

రేకత్త నడవాని నిలువుగా కోసి పక్కనుంచి చూసింది. బెండు ఉంది. త్రీడీ బొమ్మలో తిప్పి చూసింది. అక్కడా ఉంది, మెరిసిపోతూ. అంటే వస్తువు ఎక్కడికీ పోలేదు, పైనుంచి చూసేవాడికి మాత్రం మొహం చాటేస్తోంది. అప్పుడు ఆవిడ తెర వదిలేసి కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది, ఏవి కనిపిస్తున్నాయి, ఏవి కనిపించడం లేదు అని. గుండ్రటి గొట్టాల బెండ్లు కనిపిస్తున్నాయి. మూడు దారులు కలిసే ముక్కలు కనిపిస్తున్నాయి. కనిపించని ఇరవైమూడూ చదరపువే, అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినవే. ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి రకం ముక్కకీ ఒక అచ్చు ఫైలు ఉంటుంది. ఈ చదరపు బెండు అచ్చును పోయిన వారమే తయారీదారు పంపిన కొత్తదానితో మార్చారు.

ఆ అచ్చును విడిగా తెరిచింది. బెండు ఒంటి మీద నొక్కితే చిన్న పట్టీ వచ్చింది, ఈ ఒళ్లు ఎక్కడెక్కడ కనిపించాలి అని. ముందునుంచి, పక్కనుంచి అన్నవాటికి టిక్కు ఉంది. పైనుంచి అన్నదానికి లేదు. తయారీదారు ప్లాను కోసం ఒంటికి బదులు రెండు సన్నగీతలు పెట్టి, ముతక బొమ్మలో మాత్రమే అవి కనిపించేలా చేసిపెట్టాడు. వీళ్ల ఆఫీసులో ముతక బొమ్మలు ఎవరూ వాడరు, పైగా తను ఇందాక సన్నంవైపుకే మార్చి చూసింది. గుమ్మం ముందు నిలబడి పెరట్లో వెతికినట్టయింది.

టిక్కు పెట్టింది. అచ్చును మళ్లీ ప్లాను ఫైలులోకి ఎక్కిస్తుంటే సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న అడిగింది. ఈ అచ్చు ఇక్కడ ఇదివరకే ఉంది, ఆకారం మాత్రం మార్చనా, ఆకారంతోపాటు కొలతలన్నీ కూడా మార్చనా? రెండు మీటలు, ఒకదాని కింద ఒకటి. రేకత్త చెయ్యి ఆలోచించలేదు. ముప్ఫై ఏళ్ల తడిగుడ్డ అలవాటు. కొత్త అచ్చు వచ్చిందంటే పాతదేదీ మిగలకూడదు. కింది మీట నొక్కింది.

ఇరవైమూడు బెండ్లూ ఒక్కసారి ప్లానులోకి వచ్చి కూర్చున్నాయి.

"అబ్బో!" అన్నాడు బాబాయి, చేతులెత్తి. "ఇక నా గీతలకి పెన్షన్ ఇచ్చెయ్యండి."

పదకొండుకి ఇంకా పది నిమిషాలుండగానే ఫైలు షెడ్డుకు వెళ్లింది. పెద్ద ఇంజనీరు గాజు తలుపు దాటుతూ ఆగి, "కారణం దొరికిందా, కప్పేశారా?" అని అడిగింది. దొరికిందని రేకత్త చెప్పింది. ఆవిడ తలూపి వెళ్లింది. ఆ గదిలో తలూపడం అంటే సన్మానం కిందే లెక్క.

భోజనాల వేళ రేకత్త డబ్బా పక్కనే ప్లాను కాగితం పరుచుకుంది. పని అయ్యాక దాన్ని మళ్లీ చూడటం షెడ్డు నాటి నుంచీ ఉన్నదే. రెండు మలుపుల దగ్గర గీతలు రెండేసి కనిపించాయి. బాబాయి గీసినవి తుడవడం మరిచిపోయాడు. నవ్వొచ్చింది. తర్వాత ఆగింది. అతని గీత ఒకచోట ఉంది, అసలు బెండు ఇంకోచోట ఉంది. అచ్చు మారకముందు తీసిన పాత ప్లాను పక్కన పెట్టుకుని గీశాడు కాబట్టి అతనిది తప్పయ్యే అవకాశం తక్కువ.

చిటికెనవేలు బెండు గొంతులో ఆనించింది. ఆ స్కేలులో వేసిన ప్లానులో ఆ గొంతు దగ్గర గోరు పట్టకూడదు. పట్టింది. చుట్టూ ఇంకా చోటు మిగిలింది.

ఆవిడ తలెత్తి చూసిన ఆ నడవా మలుపులోనే లోపలివైపు ఒక స్తంభం ఉంది. దానికి తగలకుండా ఉండాలని ఆ రకం బెండ్లన్నిటికీ గొంతు వంపును మూడు వందల మిల్లీమీటర్లకి తగ్గించి పెట్టారు, రెండు నెలల కిందట, ఈ ఫైలులోనే. పోయిన వారం అచ్చు మార్చినప్పుడు కూడా ఆ కొలత అలాగే ఉంది. తయారీదారు అచ్చులో అది ఆరు వందలు. కొలతలన్నీ మార్చమని తను చెప్పింది, అది మార్చింది. గొంతు పెద్దదైతే బెండు మూలని అడ్డంగా కోసుకుని లోపలికి జరుగుతుంది. అంటే తిన్నగా స్తంభంలోకి. స్తంభాలున్న ఫైలు ఈ ప్లానులో తెరిచి లేదు, కాబట్టి ఎవరికీ అడ్డు కనిపించలేదు.

"బాబాయ్," అంది రేకత్త. "నీ గీతలే కరెక్టు."

అతను వచ్చి చూశాడు. మొదట మురిసిపోయాడు, "నా ఫొటో లోంచే గాలి పోయేటట్టుంది కదా అత్తా!" అన్నాడు. తర్వాత విషయం అర్థమై స్వరం తగ్గించాడు. "ఇప్పుడేం చెప్పకు. నాలుగింటికి కాగితం చేతికి రానీ. ఐదింటికి చూసుకున్నానని చెప్పు. ఎవరికి తెలుస్తుంది?"

"షెడ్డులో ఈపాటికే మెషిను మొదలుపెట్టి ఉంటారు."

"కొయ్యనీ. బిగించేవాళ్లు నిచ్చెన ఎక్కి చూసి వాళ్లే తిట్టుకుంటారు."

"ఎవర్ని తిట్టుకుంటారు? ఒకళ్లనొకళ్లు." అప్పటికే ఫోను తీసింది.

అన్నగారు ఎత్తాడు.

"అన్నయ్యా, మెషిను ఆపు."

"అన్నం తింటున్నానే. అదీ తింటోంది, పాపం."

"పొద్దున పంపినవి కోశావా?"

"మూడు కోశాం. భలే వచ్చాయి. గొంతు ఇంత ధారాళంగా ఎప్పుడిచ్చావు నువ్వు? నాన్న చూస్తే మురిసిపోయేవాడు."

"ఆ ధారాళమే తప్పు. ఆరొందలు కాదు, మూడొందలు. బెండు స్తంభంలోకి పోతుంది."

గిన్నె పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. "ఒరేయ్, మెషిను కట్టెయ్!" అని ఎవరికో అరిచి మళ్లీ వచ్చాడు. "ఎవరు చేశారు?"

"నేనే."

"ఇవాళే కదటే నీ సంతకం?"

"ఇవాళే."

"మీ మేడమ్‌కి చెప్పావా?"

"కోసేవాడివి నువ్వు కదా, ముందు నీకు చెప్పాను."

"ఒక పని చెయ్యనా? ఫైలు తెరుచుకోలేదు, ఇంకోటి పంపమని నేనే అడిగినట్టు రాసి పంపుతాను. నువ్వు సరిచేసి పంపు. మూడు రేకులేగా, మూలన పడుంటాయి."

ఇలాంటి మాట కొట్టెయ్యడం కష్టం. శత్రువు చూపించే దొడ్డిదారి ఎవరైనా వదులుకుంటారు. తోడబుట్టినవాడు చూపిస్తే అది దారిలాగే కనిపిస్తుంది. తను కూడా వెంటనే కాదనలేదని రేకత్త నాతో చెప్పింది. డబ్బా మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టిందట. అత్తగారి మందుల సీసాలు వరుసగా కళ్లముందు నిలబడ్డాయట.

"వద్దు అన్నయ్యా. రేపు ఇంకెవరో ఇదే మీట నొక్కుతారు. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియకపోతే నీ మూలన రేకులు పేరుకుపోతాయి."

"నీ ఇష్టం. మొండిఘటానివి."

పెద్ద ఇంజనీరు గదిలో కుర్చీ చూపించినా రేకత్త కూర్చోలేదు.

"మేడమ్, పొద్దున పంపిన ప్లాను తప్పు. షెడ్డులో కోత ఆపించాను. మూడు బెండ్లు అప్పటికే కోసేశారు."

"కనిపించాయన్నారుగా?"

"కనిపించాయి. కనిపించగానే సరిగ్గా ఉన్నాయనుకున్నాను. అక్కడే పోయింది." మీట సంగతీ, స్తంభం సంగతీ చెప్పింది.

ఇంజనీరు కళ్లజోడు తల మీదికి నెట్టుకుంది. "కింది మీటే ఎందుకు?"

రేకత్త తండ్రి నియమం, తడిగుడ్డ, అన్నీ చెప్పింది. సాకుగా చెప్పలేదు, చెయ్యి ఎందుకు అటు పోయిందో చెప్పినట్టు చెప్పింది.

"మీ నాన్నగారి షెడ్డులో అది నిజమే. అక్కడ అచ్చూ ఆయనదే, కొలతా ఆయనదే. ఇక్కడ అచ్చు ఎవరో పంపుతారు, కొలత మనం పెట్టుకుంటాం. అన్నీ తుడిస్తే మనది పోతుంది." కొంచెంసేపు బల్ల మీది కాగితాలు సర్దింది. వాటిలో ఒకటి సంతకం కావాల్సినదే. రేకత్తకి తలకిందులుగా తన వివరాలు కనిపిస్తున్నాయి. "ఇంకెవరికైనా తెలుసా?"

"మా అన్నయ్యకి. ఇక్కడ బాబాయికి."

"వాళ్లేమన్నారు?"

"తర్వాత చెప్పమన్నారు."

ఇంజనీరు నవ్వలేదు. "నియమం తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

"ఇవాళ సంతకం పెట్టలేను. పంపించాలనీ లేదు. మూడు నెలలు, మళ్లీ మొదటినుంచి. ఒప్పుకుంటారా?"

"ముందు ఇరవైమూడు బెండ్లు చూసొస్తాను. ఒప్పుకోవడం తర్వాత."

గొంతు కొలతను మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది, ఒకేచోట మూడు వందలని కొడితే అన్నీ మారిపోయాయి. చూడటం ముగిసేసరికే మూడున్నర అయింది. స్తంభాల ఫైలు తెరిచి, ఒక్కో మలుపు దగ్గరా ఆగి, ప్లానులో ఒకసారి, నిలువుకోతలో ఒకసారి. పక్కన బాబాయి టిక్కులు పెడుతూ కూర్చున్నాడు, మధ్యమధ్యలో తన రెండు గీతలూ తుడిచేస్తున్నందుకు మూలుగుతూ. నాలుగింటికి కొత్త ఫైలు వెళ్లింది. అన్నగారి దగ్గర్నుంచి ఒక్క ముక్క జవాబు, "కోస్తున్నా."

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే పట్టుకుంది.

"కాగితం ఏదే?"

"ఇంకో మూడు నెలలు పడుతుంది అత్తయ్యా."

"ఏం, సిరా అయిపోయిందా వాళ్లకి?"

"నేనే తప్పు చేశాను."

ముసలావిడ కోడలి మొహంలోకి చూసింది. "తిట్టారా?"

"లేదు."

"అయితే నేను తిట్టాలి కాబోలు. చేతులు కడుక్కుని రా, తింటూ తిట్టించుకుందువుగాని." లోపల్నుంచి భర్త నవ్వు వినిపించింది. ఆయన ఇంకేమీ అడగలేదు, కంచం పెట్టాడు.

మర్నాడు తొమ్మిదింటికి రేకత్త కుర్చీలో కూర్చోకముందే పెద్ద ఇంజనీరు వచ్చి నిలబడింది. మూడో అంతస్తు ఫైలులోనూ అదే అచ్చు, అక్కడా బెండ్లు కనిపించడం లేదు. "మీరే చూడండి. ఎక్కించేటప్పుడు నన్ను పిలవండి," అంది.

పదింటికి రేకత్త పిలిచింది. టిక్కు పెట్టిన అచ్చు సిద్ధంగా ఉంది. తెర మీద ఆ ప్రశ్నే, ఆ రెండు మీటలే. బాబాయి కూడా కుర్చీ జరుపుకుని వచ్చాడు. ముగ్గురూ ప్రశ్నను మొదటినుంచి చివరిదాకా చదివారు. ఇంజనీరు రెండుసార్లు చదివింది.

"ఏది?" అంది రేకత్త.

"మీరు చెప్పండి."

"పైది."

"నొక్కండి."

నొక్కింది. బెండ్లు వచ్చాయి. రేకత్త స్తంభాల ఫైలు తెరిచి, మొదటి మలుపు దగ్గర చిటికెనవేలు తెరకు ఆనించింది.